మూలఁబడిన బాస్ గిటారు

ఒక సోదరి యిట్లు వ్రాసినారు. కుమార్తె ట్యూషనులు చెప్పి కూడఁబెట్టిన సొమ్ముతో సెకండుహాండు ఎలక్ట్రిక్ బాస్ గిటారు కొన్నదట. తెచ్చిన నాఁటినుండి దానిలో తుమ్మెదరొదయే గాని నాదము లేదు. బాగుసేయువాఁడు లోపలి సామగ్రి యంతయు మార్చవలెనని, వాద్యము కొన్నంత ధర చెప్పినాఁడు. పెద్దలు షాకు కొట్టునని భయపడి పాతసామానులవానికి వేయుమనుచున్నారు.

తొందరపడవలదు. వాద్యముకంటె బేరము చూచి చెప్పిన మాట యది. 1951లో అమెరికాలో లియో ఫెండరు ప్రెసిషన్ బాసును వెలువరించిన నాఁటినుండియు, బ్యాటరీ లేని బాసు కడుపులో నున్నది స్వల్పమే. తంత్రులక్రింద అయస్కాంతములు, వానిచుట్టు వేలకొలఁది చుట్లుగాఁ జుట్టిన సన్నని రాగితీగ. దీనిని పికప్ అందురు. తక్కినవి వాల్యూము, టోను నాబులు, ఒక కెపాసిటరు, త్రాడు గ్రుచ్చు జాక్కు. ఉక్కుతంత్రి కదలినప్పుడు పికప్పులోఁ బుట్టు విద్యుత్తు కడు కొద్ది. అది షాకు కొట్టదు. భయపడవలసినది యాంప్లిఫయరునకు. తంత్రులు తీగద్వారా దానికే కలిసియుండును గనుక, దాని ఎర్తు చెడినచో వేళ్లకు ముప్పు. ఎలక్ట్రీషియనుచే సాకెట్టు ఎర్తు చూపించి, మూఁడు కాళ్ల ప్లగ్గు ఉన్నఁగాని వాయింపనీయకుఁడు.

ఆ పిమ్మట రొదను పరీక్షింపవలెను. జాక్కు లోహమును దాఁకినప్పుడు రొద తగ్గి, తంత్రిని దాఁకినప్పుడు తగ్గకున్నచో, తంత్రు లానియుండు బ్రిడ్జిక్రిందికిఁ బోవు ఎర్తుతీగ ఊడినదనుకొనవచ్చును. జానెఁడు తీగతోఁ దీఱునది. నాబు త్రిప్పినప్పుడు గరగర మనుట తఱుచు దుమ్మువలననే. కాంటాక్టు క్లీనరు చాలును. పికప్పును విడదీసి దాని రెండు తీగలకు మల్టీమీటరు పెట్టినచో సాధారణముగా 7,000 మొదలు 12,000 ఓములవఱకు చూపును. ఏమియుఁ జూపకున్నచో లోపలి చుట్ట తెగినది; అప్పుడు మాత్రము పికప్పునకు ఖర్చు తప్పదు.

తీగ విప్పకమునుపే ఏది యెక్కడ నున్నదో కాగితముపై గీయింపుఁడు. బిందెకు మాటు వేయుట చూచినవారికి సోల్డరింగు వింత కాదు. అతుకవలసిన చోటు గీఁకి, మొదట దానిని వేఁడి చేసి, పిదప సీసము కరగింపవలెను. కిటికీ తెఱచి యుంచి, పని ముగియఁగనే చేతులు సబ్బుతోఁ గడుగుకొనవలెను. యాంప్లిఫయరు మూత మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసినను లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును.

మీటరు ఎన్ని ఓములు చూపినదో అమ్మాయిచేతనే వ్రాయింపుఁడు.