వార్డులో తిరుగుబాటు ఎవరిది?

మాట వినని మనిషిని ‘ఎర్రగడ్డలో వెయ్యాలె’ అని కసురుకోవడం తూంకుంట, శామీర్‌పేట మొదలుకొని నగరం నడిబొడ్డు దాకా అందరికీ అలవాటైన మాటే గనుక, అందులో ఒక ఆస్పత్రి పేరు శిక్ష పేరుగా మారిపోయిన సంగతి అనేవారికీ పడేవారికీ పెద్దగా తట్టదు. నిజాం కాలంలో జాల్నాలో ఉండి, 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చిన ఆ చికిత్సాలయాన్ని బోర్డు మీద ఏ పేరుతో రాసినా జనం నోట అది పిచ్చాసుపత్రే. ఎదురు తిరిగేవాడికి మతి చలించిందనడం ఏ అధికారానికైనా తేలికైన పని కాబట్టి, ఎదిరింపుకూ పిచ్చికీ మధ్య గీత గీసే హక్కు ఎవరిదన్న ప్రశ్న చుట్టూ ప్రపంచ సాహిత్యంలో ఒక కథల వరుసే తయారైంది.

ఆ వరుసలో అందరికీ తెలిసినది అమెరికన్ రచయిత కెన్ కీసీ 1962లో వెలువరించిన ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’. కీసీ కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ సహాయకుడిగా పనిచేసినవాడు. అంటే వార్డును తాళంచెవుల గుత్తి ఉన్న వైపు నుంచి చూసినవాడు. జైలు పని తప్పించుకోవడానికి పిచ్చి నటించి వచ్చిన మెక్‌మర్ఫీ, వార్డును గడియారంలా నడిపే పెద్ద నర్సు రాచెడ్, చెవిటి మూగవాడిగా నటిస్తూ అంతా వింటూ కథ చెప్పే ఆదివాసి బ్రామ్డెన్ అందులోని ముఖ్య పాత్రలు. బేస్‌బాల్ పోటీలు టీవీలో చూడనివ్వాలని రోగులు ఓటు కోరినప్పుడు, మాట్లాడగలిగిన ఇరవైమందీ చేతులెత్తితే, మాటా మతీ లేకుండా పడివున్న తక్కిన ఇరవైమందినీ లెక్కలో చేర్చి ఆధిక్యం రాలేదంటుంది నర్సు. ఆఖరుకు బ్రామ్డెన్ చెయ్యి ఇరవై ఒకటోదిగా లేస్తే, సమావేశం అప్పటికే ముగిసిందంటుంది. ఆమె గొంతు పెంచదు, ఎవరినీ కొట్టదు, నియమం చూపిస్తుంది, అంతే. సమాజశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1961లో ‘సంపూర్ణ సంస్థ’ అని పిలిచినది, అంటే తిండి, నిద్ర, పని, వినోదం అన్నీ ఒకే గోడల మధ్య ఒకే అధికారం కింద నడిచే చోటు ఎలా ఉంటుందో ఆ ఒక్క ఓటు ఘట్టం చెప్పినంతగా పెద్ద సిద్ధాంత గ్రంథాలు కూడా చెప్పలేవు.

అయితే ఆ నవలకున్న కీర్తి వెనుక ఒక లోపం దాగి ఉంది. సంస్థ క్రూరత్వమంతటినీ ఒక ఆడమనిషి ముఖానికి పులిమి, ఆమె దుస్తులు చించడాన్ని విజయంగా చూపించి, నల్లజాతి సహాయకులను ఆమె పెంపుడు కుక్కల్లా చిత్రించడంతో, తిరుగుబాటు వ్యవస్థ మీది నుంచి జారి వ్యక్తి మీద పడింది. 1975లో మిలోష్ ఫోర్మన్ తీసిన చిత్రం అయిదు ప్రధాన ఆస్కార్లు గెలుచుకున్నా, కథ చెప్పే బాధ్యతను బ్రామ్డెన్ దగ్గర నుంచి లాగేసుకోవడంతో ఆ లోపం తగ్గకపోగా మరింత తేలింది. కీసీ ఆ చిత్రాన్ని ఒప్పుకోకపోవడానికి ఒక కారణం అదే. మలయాళంలో 1986లో వచ్చిన ‘తాళవట్టం’ ఆ కథనే తెచ్చుకుని, ప్రేమను కలిపి నడిపింది. అంతకు చాలా ముందే 1892లో చెహోవ్ ‘ఆరో నెంబరు వార్డు’లో రోగితో మాట కలిపిన డాక్టరునే అదే వార్డులో బంధించాడు, దేశ విభజన తర్వాత లాహోర్ పిచ్చాసుపత్రిలోని రోగులను మతాన్ని బట్టి పంచుకునే ప్రభుత్వాల తీరుకు మంటో ‘టోబా టేక్ సింగ్’లో సరిహద్దుల మధ్య నేల మీద కూలిన ఒక ముసలివాడితో జవాబు చెప్పించాడు. ఈ రెండింటిలోనూ శత్రువుకు ముఖం లేదు, అందుకే అవి కీసీ నవల కన్నా గట్టివి.

తెలుగులో ఈ వరుసకు చేరవలసినది నవల కాదు, సినిమా. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1960లో విడుదలైన ‘చివరకు మిగిలేది’కి బుచ్చిబాబు నవలతో పేరు తప్ప సంబంధం లేదు, ఆశుతోష్ ముఖోపాధ్యాయ బెంగాలీ కథ ఆధారంగా 1959లో వచ్చిన ‘దీప్ జ్వేలే జాయ్’కి ఇది తెలుగు రూపం, దాని హిందీ రూపమే 1969 నాటి ‘ఖామోషీ’. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుడికి మందుకన్నా మమత పనిచేస్తుందని నమ్మిన పెద్ద డాక్టరు, ఆ మమతను నటించే పనిని నర్సుకు అప్పగిస్తాడు. సావిత్రి పోషించిన ఆ నర్సు నటిస్తూ నటిస్తూ నిజంగానే ప్రేమిస్తుంది. రోగి కోలుకుని ఇంటికి వెళ్ళిపోతాడు, చికిత్స విజయవంతమైనట్టు లెక్క రాసుకుంటారు. ఇంకొక రోగికి అదే నటన మళ్ళీ చేయవలసివచ్చినప్పుడు ఆమె వెనుకాడుతుంది, చివరికి తలవంచుతుంది, ఆ తలవంపే ఆమెను అదే ఆస్పత్రిలో రోగిగా చేర్చుతుంది.

ఇందులో తిరుగుబాటు ఎక్కడుందని అడగవచ్చు. అరుపులు లేవు, పగిలిన కిటికీ లేదు, పారిపోయిన మనిషి లేడు. కానీ డాక్టరు దుర్మార్గుడు కాకపోవడమే ఈ కథ బలం. సద్బుద్ధితో నడిచే సంస్థ కూడా తన కింద పనిచేసే మనిషి మనసును సిరంజిలా, పట్టీలా వాడి పారేసే సరుకుగా లెక్కేస్తుందని, కాదనడానికి ఆమె భాషలో మాట లేనప్పుడు ఆమె శరీరమే కాదంటుందని అది చూపిస్తుంది. రాచెడ్‌ను ద్వేషించి ఇంటికి వెళ్ళే ప్రేక్షకుడికి వ్యవస్థ గురించి ఆలోచించే పని తప్పుతుంది, సావిత్రిని చూసిన ప్రేక్షకుడికి ఆ వీలు లేదు. తెలుగు విమర్శ దీన్ని త్యాగమూర్తి కథగా మెచ్చుకుని ఊరుకోవడం ఆ చిత్రానికి జరిగిన అన్యాయం.

కథలు ఇలా ఉండగా చట్టం మాత్రం ముందుకు జరిగింది. 1912 నాటి చట్టానికి ఉన్మాదుల చట్టమని పేరు. దాని స్థానంలో 1987లో ఒకటి, దాన్ని తొలగించి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. ఈ కొత్త చట్టం వెనుక 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేయబడి, మంటల్లో చిక్కి చనిపోయిన 28 మంది ఉన్నారు. జనం ‘కరెంట్ షాక్’ అని పిలిచే విద్యుత్ చికిత్సను మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా చేయడాన్నీ, రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్నీ 95వ సెక్షన్ నిషేధించింది; నవలలో మెక్‌మర్ఫీకి నర్సు శిక్షగా పెట్టించిన అలాంటి షాకు ఇప్పుడు ఇక్కడ నేరం. జబ్బు చేస్తే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకునే వీలును 5వ సెక్షన్ ఇచ్చింది. ఇతరుల అభ్యర్థన మీద చేర్చుకున్న వ్యక్తిని 30 రోజులకు మించి ఉంచాలంటే ఇద్దరు మానసిక వైద్యులు విడివిడిగా పరీక్షించాలి, సమీక్షా మండలి ఒప్పుకోవాలి. ఎప్పుడు విడుదలో తెలియక, ఆ నిర్ణయం నర్సు చేతిలో ఉందని ఆలస్యంగా గ్రహించి వణికిన మెక్‌మర్ఫీకి ఈ రెండు వాక్యాలు దక్కి ఉంటే నవలే మరోలా నడిచేది.

హక్కు కాగితం మీదకు వచ్చింది, ‘ఎర్రగడ్డలో వెయ్యాలె’ అన్న మాట మాత్రం నోటి మీదే ఉంది. ఆ గోడ లోపలి నుంచి బ్రామ్డెన్‌లా తన కథ తానే చెప్పుకునే మనిషి తెలుగు నవలలో రావాలి. ఆ నవల రాయబోయేవారు సిస్టరమ్మను రాక్షసిగా చేయకుండా, ఆమె చేసే రాత్రి డ్యూటీని కూడా లెక్కలో రాయాలి.

— శీర్షికా రచయిత, తూంకుంట