చలిదినములు – వేడినీళ్లు – విద్యుత్తు



ధనుర్మాసము సమీపించినదనగా మన గృహిణులకు పగటిపని తెల్లవారకమునుపే యారంభమగును. చీకటితో లేచి, వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఇంటిల్లిపాదికిని వేడినీళ్లు సిద్ధపఱచుట మనవారికి పరిపాటి. పూర్వము పెరటిలో కాగుక్రింద పిడకలును కట్టెలును మండుచుండెడివి. నేడు పెక్కిండ్లలో ఆ పొయ్యి తొలగి, దాని స్థానమున గీజరో, నీళ్లు కాచు హీటరు కడ్డీయో వచ్చినది. పొగ పోయినది, శ్రమ తగ్గినది, సంతోషింపదగిన మార్పే. కాని నిప్పుతో నెట్లు మెలగవలయునో మన యమ్మలు, అమ్మమ్మలు మనకు నేర్పిరి. విద్యుత్తుతో నెట్లు మెలగవలయునో నేర్పినవారు తక్కువ. నిప్పు కంటికి కనబడును. చెంతకు పోగానే సెగ తగిలి హెచ్చరించును. విద్యుత్తునకు రూపము లేదు, వాసన లేదు, హెచ్చరిక లేదు. కావున ఈ మాసము దీనిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

మంచు కురియు దేశములలో చలికాలపు విద్యుత్ప్రమాదములనగా గదులను వెచ్చజేయు హీటర్లవలన గలుగు అగ్నిప్రమాదములు మొదట తలపునకు వచ్చును. మన తెలుగునాట అరకు, లంబసింగి, ఆదిలాబాదు వంటి తావులలో తప్ప అట్టి హీటర్ల యవసరము స్వల్పము. మనకు అపాయము పడకగదిలో గాక స్నానపుగదిలో పొంచియున్నది. ఏలయన మన చలికాలమంతయు వేడినీటితో ముడివడియున్నది. నీరును విద్యుత్తును మనిషి చేయియు ఒక్కచోట కలియుటయే ఇందలి యనర్థమునకు మూలము.

పొడిచర్మము విద్యుత్తును కొంతవఱకు అడ్డగించును. తడిసిన చర్మమునకు ఆ శక్తి మిక్కిలి తగ్గిపోవును. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. తడిచేతులతో, వట్టికాళ్లతో తడినేలపై నిలిచిన మనిషి దేహము సుమారు 1000 ఓముల నిరోధమును చూపునని యెంచినచో, ఆ దేహముగుండ 230 మిల్లీఆంపియర్లు ప్రవహింపవచ్చును. గుండె లయ తప్పుటకు అందులో సగమైనను చాలును.

“మా యింట ఫ్యూజులున్నవి, ఎం.సి.బి.లున్నవి, ఇక భయమేమి?” అని కొందఱు సోదరీమణులు ప్రశ్నింతురు. ఈ యొక్క భ్రమను తొలగించుటకే మేమింత వ్రాయుచున్నాము. 6 ఆంపియర్ల ఫ్యూజు అనగా 6000 మిల్లీఆంపియర్లను నిరాటంకముగా పోనిచ్చునది. ప్రాణము తీయుటకు 100 మిల్లీఆంపియర్లు చాలియుండగా, ఆ ఫ్యూజునకు ఏదియో జరుగుచున్నదని తెలియనైనను తెలియదు. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని తీగ కాలిపోకుండ కాపాడును, ఇల్లు అంటుకొనకుండ కాపాడును. మనిషిని కాపాడుటకు అవి యేర్పడలేదు.

మఱియొక సంగతి స్త్రీలు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఛార్లెస్ డాల్జియెల్ అనువారు, విద్యుత్తు సోకినపుడు మనిషి తన పట్టును తానై యెంతవఱకు విడిపించుకొనగలడో స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన వారిపై పరీక్షించిరి. సగటున పురుషులు 16 మిల్లీఆంపియర్లవఱకును, స్త్రీలు పదిన్నర మిల్లీఆంపియర్లవఱకును మాత్రమే చేయి విడిపించుకొనగలిగిరి. అది దాటినచో కండరములు బిగిసి, పట్టుకొన్నది పట్టుకొన్నట్లే యుండిపోవును. కేక వేయుటకును వీలు పడకపోవచ్చును. ఇంటిలో అందఱికంటె ముందు లేచి, నిదురమబ్బు వీడకయే, తడిచేతులతో స్విచ్చి వేయునది యెవరు? ఇల్లాలే గదా! అపాయము నెదుర్కొనుటలో మొదటి వంతు ఆమెది. దానిని తప్పించుకొను శక్తియో, పురుషునికంటె తక్కువ. కావున నీ విషయమున ఇంటి మగవారు చూచుకొందురని యూరకుండుట మనకు తగదు.

మఱి రక్షణమేది? మొదటిది ఎర్త్ తీగ. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్దదియగు పిన్ను దీనికొఱకే యేర్పడినది. గీజరు లోపల లోపము కలిగి విద్యుత్తు దాని పైతొడుగునకు ప్రాకినపుడు, అది మన దేహముగుండ గాక ఈ తీగగుండ భూమిలోనికి పోవును. కాని గోడలోని సాకెట్టునకు మూడు రంధ్రములున్నంత మాత్రమున ఎర్త్ ఉన్నట్లు కాదు. పాత యిండ్లలో ఆ మూడవ రంధ్రము వెనుక తీగయే యుండకపోవచ్చును. కొందఱు పనివారు తేలికమార్గముగా ఆ రంధ్రమును న్యూట్రలు తీగకు కలిపివేయుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. న్యూట్రలు ఎచ్చటనైన తెగినచో గీజరు తొడుగంతయు విద్యున్మయమగును. లైసెన్సుగల ఎలక్ట్రీషియనును పిలిపించి, ప్రతి సాకెట్టునందును ఎర్త్ నిజముగా పనిచేయుచున్నదో లేదో పరీక్ష చేయింపుడు. ఇంటి ప్రక్కనున్న ఎర్త్ గుంట ఎండిపోకుండ అప్పుడప్పుడు రెండు మూడు బిందెల నీళ్లు పోయుచుండుడు.

రెండవది ఆర్.సి.సి.బి. యను సాధనము. ఇది మంచి గృహిణి పద్దుపుస్తకము వంటిది. ఇంటిలోనికి పోయిన విద్యుత్తెంత, తిరిగి వచ్చినదెంత యని నిమిషనిమిషమును లెక్క చూచుచుండును. 30 మిల్లీఆంపియర్ల తేడా కనబడగానే, ఎచ్చటనో దారి తప్పి మనిషి దేహముగుండ పోవుచున్నదేమో యని, సెకనులో మూడవవంతు గడువకమునుపే సరఫరాను ఆపివేయును. ఇట్టి దానిని పైన జెప్పిన డాల్జియెల్‌గారే 1961లో తమ దేశమున రూపొందించిరి. మన యిండ్లకు 30 మిల్లీఆంపియర్లదే కావలయును. 100, 300 గలవి అగ్నిప్రమాదములకేగాని మనుష్యరక్షణకు చాలవు. దానిపై ‘టి’ యను గుర్తుగల చిన్న మీట యుండును. నెలకొకమారు దానిని నొక్కి చూడుడు, వెంటనే పడిపోవలయును. పడనిచో అది యున్నను లేనట్లే. ఇదియు సర్వరక్షకము కాదు. ఒక చేత ఫేజును, మఱియొక చేత న్యూట్రలును పట్టినవారిని ఇది గుర్తింపజాలదు. అయినను ఒక పట్టుచీర వెలకంటె తక్కువకు లభించు నీ సాధనము లేని యిల్లు ఉండరాదని మా దృఢాభిప్రాయము.

మూడవది అలవాటు. ఇది డబ్బు పెట్టి కొనదగినది కాదు, మనమే యేర్పఱచుకొనవలసినది. హీటరు కడ్డీ వాడు ఇండ్లలో జరుగు ఘోరములకు తఱచు కారణమొక్కటే: నీళ్లు కాగినవో లేవో యని, స్విచ్చి ఆపకయే బక్కెట్టులో వ్రేలు ముంచి చూచుట. సోదరీమణులారా, ఈ యలవాటు నేటితో మానుడు. 1500 వాట్ల కడ్డీ 20 లీటర్ల చన్నీళ్లను స్నానమునకు తగిన వేడికి తెచ్చుటకు సుమారు 25 నిమిషములు పట్టును. గడియారము చూచుకొన్నచో వ్రేలితో పని లేదు. మొదట కడ్డీని నీటిలో గుర్తువఱకు మునుగునట్లు ఉంచి, పిమ్మట పొడిచేతితో స్విచ్చి వేయవలయును. తీయునపుడు మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, కొంచెము చల్లారిన తరువాత కడ్డీని పైకి తీసి, ఆపైననే నీటిని తాకవలయును. ఇనుప బక్కెట్టు బదులు ప్లాస్టిక్కుది వాడినచో భయము లేదనుకొనుట పొరపాటు. నీటిలోనికి విద్యుత్తు వచ్చినచో బక్కెట్టు ఏదైన నేమి? పైగా కడ్డీ ఆనిన ప్లాస్టిక్కు కరగును. రెండు పిన్నులతో చౌకగా దొరకు కడ్డీలను కొనకుడు. ఐ.ఎస్.ఐ. ముద్రయు, దానిపై 368 అను సంఖ్యయు ఉన్నదానినే కొనుడు. కడ్డీ వేసియుండగా స్నానపుగది తలుపునకు గొళ్లెము పెట్టుడు. పసిబిడ్డకును, కంటిచూపు తగ్గిన అత్తగారికిని, ఇల్లు తుడువవచ్చిన పనిమనిషికిని ఆ నీటిలో ఏమున్నదో తెలియదు. కడ్డీ ఎవరు వేసిరో వారే తీయవలెనను కట్టుబాటు ఇంటిలో నుండుట మంచిది.

గీజరునకు ముద్రపై సంఖ్య 2082. నీళ్లు కాగిన తరువాత స్విచ్చి ఆపియే స్నానము చేయుట ఉత్తమము. బోరునీళ్లు వాడు ఇండ్లలో లోపలి కడ్డీపై సున్నపుపెచ్చు పేరుకొని, అది వేడెక్కి పగిలి, విద్యుత్తు నీటిలోనికి వచ్చుట కలదు. కావున ఏటేట చలి రాకమునుపే దానిని విప్పించి శుభ్రము చేయింపవలయును. నీటిని తాకినపుడు గాని, కొళాయిని పట్టినపుడు గాని చేయి జిల్లుమన్నచో, అది వట్టి భ్రమయని త్రోసివేయక, ఆ క్షణమే మెయిను ఆపివేయుడు. అదియే మనకు లభించు నొకేయొక హెచ్చరిక. రెండవమారు అది లభింపకపోవచ్చును.

ఇక సాకెట్టుల మాట. 1500 వాట్ల వస్తువు ఆఱున్నర ఆంపియర్లను, 2000 వాట్లది సుమారు 9 ఆంపియర్లను తీసికొనును. కావున అట్టివానిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టులో గాని, దీపములకు వాడు ఎక్స్‌టెన్షను బోర్డులో గాని పెట్టరాదు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే తగినది. ప్లగ్గు వేడెక్కుట, నల్లబడుట, కాలిన వాసన వచ్చుట చెడు లక్షణములు. గది హీటరు వాడువారు దానిపై తడిబట్టలు ఆరవేయరాదు. పరుపునకును తెరలకును మూడడుగుల దూరమైన నుంచి, నిద్రించునపుడు ఆపివేయవలయును.

సంక్రాంతి బొమ్మలకొలువునకు రంగుదీపముల తోరణములు కట్టు ముచ్చట మనకు గలదు. పోయిన యేటి తోరణమును పెట్టెలోనుండి తీసినపుడు, తీగ నలిగినదో, ఎలుక కొఱికినదో చూచిన పిమ్మటనే వ్రేలాడదీయుడు. మంచుపడు వాకిట కట్టుటకు ఆరుబయట వాడదగిన తోరణమే కావలయును. చలిదినములలో బట్టలు త్వరగా ఆరవని ఇనుపతీగ దండెములు అదనముగా కట్టుదురు. కరెంటు స్తంభమునకు గాని, ఇంటికి తీగ వచ్చు ఇనుపగొట్టమునకు గాని దండెము కట్టుట మృత్యువును పిలుచుటయే. నూలుత్రాడో, నైలాను త్రాడో కట్టుకొనుడు.

ఇన్ని జాగ్రత్తలకు మించి యెవరికైన విద్యుత్తు సోకినచో, ప్రేమకొలది పరుగెత్తి వారిని పట్టుకొనరాదు, పట్టుకొన్నవారును చిక్కుకొందురు. మొదట మెయిను ఆపవలయును. అది అందుబాటులో లేనిచో పొడినేలపై నిలిచి, ఎండుకఱ్ఱతో తీగను త్రోసివేయవలయును. పిమ్మట 108కి కబురు పెట్టి, ఊపిరి ఆడనిచో ఱొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, రెండంగుళముల లోతున గట్టిగా నొక్కుచుండవలయును. సహాయము వచ్చువఱకు ఆపరాదు.

మెయిను స్విచ్చి ఎచ్చటనున్నదో మీ యింట ఎందఱికి తెలియును? ఈ పత్రిక క్రింద పెట్టినవెంటనే లేచి, పిల్లలను చేయి పట్టి తీసికొనిపోయి దానిని చూపుడు. ఆర్.సి.సి.బి. మీట నొకమారు నొక్కి చూడుడు. అది లేనిచో, పండుగ బట్టల పద్దు వ్రాయుటకు ముందు దాని పద్దు వ్రాయుడు. ధనుర్మాసపు ప్రతి యుషఃకాలమునను మీ చేతులు చల్లగా నుండవచ్చును. మీ యిల్లు మాత్రము పదికాలములపాటు చల్లగా నుండుగాక!