ఇల్లందు పట్టాలు బొగ్గుకేనా? ప్రయాణికుల బండి నడపాలి!

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి కొత్త రైలు మార్గం మంజూరు చేసింది. రానివ్వండి, ఏజెన్సీకి మంచిదే. మరి అడవిలో కొత్త లైనుకు వేల కోట్లు దొరికినప్పుడు, కారేపల్లి నుంచి ఇల్లందుకు ఎప్పుడో వేసిన పట్టాల మీద నాలుగు బోగీలు నడపడానికి ఏం అడ్డొచ్చింది? ఇక్కడ బొగ్గుందని 1871లో విలియం కింగ్ తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది, ఆ బొగ్గు కోసమే నిజాం రైల్వే డోర్నకల్ నుంచి ఈ అడవిలోకి లైను వేసింది. ఈ ప్రాంతానికి రైలు తెచ్చిపెట్టింది మన ఇల్లందు బొగ్గుట్టే. ఇప్పుడు కొత్తగూడేనికీ మణుగూరుకూ ప్రయాణికుల బండ్లున్నాయి, ఇల్లందు స్టేషను మాత్రం పాడుబడింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లాలన్నా ముందు ఆటో మాట్లాడుకుని కారేపల్లికో మహబూబాబాద్‌కో చేరితేగానీ రైలు మొహం చూడలేం.

గిట్టుబాటు కాదంటారు. బండే నడపకుండా టికెట్ల లెక్క ఎక్కడిది? లైను పనికిరాదంటారు. ఒక్క గూడ్సు రేకుకు 58 వ్యాగన్లు, దాదాపు 4 వేల టన్నుల బొగ్గు. అంత బరువు మోసే పట్టాలు కూలీలనూ కాలేజీ పిల్లలనూ మోయలేవా? ప్లాట్‌ఫారం, సిగ్నళ్లు, భద్రతా కమిషనర్ తనిఖీ కావాలి, నిజమే. చేయించండి! సత్తుపల్లి బొగ్గు కోసం కొత్తగూడెం నుంచి కొత్త లైనే వేశారు, ఖర్చులో పెద్ద వాటా సింగరేణి బొగ్గు సంస్థే భరించింది. ఆ సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. బొగ్గు కదలాలంటే ఒక్కటయ్యే రెండు ప్రభుత్వాలు, ఆ బొగ్గు తవ్విన ఊరు కదలాలనేసరికి ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం పచ్చి అన్యాయం. బస్సులున్నాయి కదా అనే పెద్దలు ఒక్కసారి నడివేసవిలో కిక్కిరిసిన పల్లెవెలుగులో ఖమ్మం దాకా నిలబడి వెళ్లిరావాలి.

మేం అడిగేది పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి. ఇల్లందు నుంచి కారేపల్లి మీదుగా డోర్నకల్ దాకా డెమూ నడిపితే చాలు, అక్కడ ఖమ్మం, వరంగల్ బండ్లు అందుతాయి. ప్రతి గ్రామసభ తీర్మానం చేయాలి, ప్రతి కార్మిక సంఘం సంతకం పెట్టాలి. ఆ కాగితాలు మహబూబాబాద్ ఎంపీకీ, సికింద్రాబాద్ డివిజన్ మేనేజర్‌కూ చేర్చి, తేదీతో సహా రాతపూర్వకంగా జవాబు అడగాలి.