వేటకు సెలవు, గొట్టాలకు లేదు

ఏప్రిల్ 15 వచ్చింది, తూర్పు తీరమంతా మరపడవలు, ఇంజిన్ బోట్లు ఒడ్డుకు చేరాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. ఇక్కడ హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ నుంచి నాలుగడుగులు వేస్తే బేగంబజార్ చేపల మార్కెట్. ఈ వారం అక్కడ వంజరం అడిగితే, "రెండు నెల్లు ఇగ చెరువు చాపలే అన్నా" అంటూ కుర్రాడు బొచ్చెను తోక పట్టి తక్కెట్లో వేశాడు.

గుడ్లు పెట్టే కాలంలో తల్లిచేపను వదిలేయాలని మత్స్యకారుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆగమన్నారు, ఆగాడు. నాకు ఒళ్లు మండేది వేరే చోట. వల ఆగిన ఈ 61 రోజులూ సముద్రంలోకి వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీల గొట్టాలకు నిషేధకాలం లేదు. 2025లో ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కింది ఈ వ్యర్థాల మీదే. అదే ఏడాది నక్కపల్లి దగ్గర రాజయ్యపేట వాళ్లు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ హైవే మీద బైఠాయించారు. 2010 జులైలో సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద కాల్పులే జరిగాయి, ప్రాణాలు పోయాయి. ముందే పిలిచి అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

చట్టంలో చోటు లేక కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ 30 రోజుల ముందు నోటీసిచ్చి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపమంటుంది. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపలికి వచ్చే ఫ్యాక్టరీకి మాత్రం ఆ సభ అక్కర్లేదని అదే నోటిఫికేషన్ మినహాయింపూ ఇస్తుంది. పార్కుకు ఒకసారి తలూపించుకుంటే చాలు, లోపల ఏ రసాయనం వండినా మళ్లీ ఊరిని అడిగే పని లేదు. తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనల ప్రకారం తీర జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి, అందులో మత్స్యకారులు సహా స్థానిక తీరవాసులు కనీసం ముగ్గురుండాలి. మీ జిల్లాలో ఆ ముగ్గురెవరో ఏ రేవులోనైనా అడిగి చూడండి. వాళ్ల పేర్లు చేపల వేలంపాట జరిగే చోట బోర్డు మీద రాసి పెట్టాలి.

ఇక నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది భాష గురించి. ఫ్యాక్టరీ పర్యావరణ ప్రభావంపై అసలు నివేదిక ఇంగ్లిషులో, వందల పేజీలు. ఊరికి అందేది తెలుగు సారాంశం. గొట్టం ఎంత దూరం పోతుంది, ఎంత లోతున వదులుతుంది, గాలి తిరిగాక ఆ నీరు ఎటు లాగుతుంది అన్నవి తెలియాలంటే అసలు నివేదికే తిరగెయ్యాలి. ఏ నెలలో ఏ చేప ఎక్కడ చేరుతుందో ఎరిగిన మనిషి చేతిలో నాలుగు కాగితాలు పెట్టి అభిప్రాయం చెప్పమనడం అవమానం. 2020లో కొత్త ఈఐఏ ముసాయిదా తెస్తే, దాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోనూ ఇవ్వండని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ముసాయిదాలోనే నోటీసు గడువును 20 రోజులకు కుదించబోయారు!

సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే సముద్ర సమాచార కేంద్రం ఇంకాయిస్ ఉంది. చేప ఎక్కడ దొరికే వీలుందో ఉపగ్రహాల సాయంతో రేవులకు కబురు పంపుతుంది. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డూ ఇక్కడే, చేప ఆకారపు భవనంలో ఉంది. కబురు ఇటునుంచి అటు పోతున్నంత సులువుగా రేవు మాట ఇటు రావాలి, నిర్ణయం రాసే బల్ల దాకా రావాలి.

సముద్రం దాకా ఎందుకు, మా నయాపూల్ కింద మూసీ సంగతే చూడండి. 2024 సెప్టెంబరులో మూసీ సుందరీకరణ ప్రాజెక్టు కోసం చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. తమ ఇల్లు నదీగర్భంలో ఉందని ఆ రంగు చూశాక తెలుసుకున్నవాళ్లున్నారు. ఖాళీ చేయించిన కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చారు, కాదనను. తోపుడుబండి మీద బతికేవాడికి ఇల్లు బజారుకు ఎంత దూరంలో ఉండాలో మాత్రం వాణ్నే అడగాలి. మూసీ ప్రాజెక్టు కాగితాలన్నీ, సారాంశం కాదు, పూర్తిగా, తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో బల్ల మీద పెట్టండి. చాదర్‌ఘాట్ వాళ్లు నడిచి వచ్చి చదువుకుంటారు. ఆ తర్వాతే సభ పెట్టండి.