ఫాస్ట్ లైబ్రరీ ఏది? ముందు స్టాప్‌వాచ్ తీయండి!

“జావాలో జాక్సన్ ఫాస్టా, జీసన్ ఫాస్టా?” “పైథాన్‌తో వచ్చే జేసన్ తీసేసి ఓఆర్‌జేసన్ పెడితే సర్వీస్ ఎన్ని రెట్లు స్పీడవుతుంది?” “అసలు జేసన్ మానేసి ప్రోటోబఫ్‌కి మారిపోవాలా?” బీటెక్ ఫైనలియర్ వాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివే. అన్నిటికీ నా జవాబు ఒకటే, కాస్త చప్పగా ఉంటుంది: మీ సర్వీస్‌కి టైమ్ ఎక్కడ ఖర్చవుతోందో కొలవనంతవరకు, ఏ లైబ్రరీ ఫాస్టో తెలిసినా లాభం లేదు.

ముందు సంగతేంటో చూద్దాం. మీరు ఫోన్లో బిర్యానీ ఆర్డర్ పెట్టారనుకోండి. తెర వెనక పనిచేసేది ఒక్క ప్రోగ్రామ్ కాదు. మీరెవరో చూసేది ఒకటి, ధర లెక్కగట్టేది ఇంకొకటి, డబ్బు తీసుకునేది మరొకటి. ఇవే మైక్రోసర్వీసులు. ఇవి ఒకదానికొకటి కబురు పంపుకోవాలి కదా! ఆ కబురు చాలాచోట్ల జేసన్ అనే అక్షరాల రూపంలో వెళ్తుంది. అందుకున్న సర్వీస్ దాన్ని చదివి ఏది పేరు, ఏది ధర, ఏది అడ్రస్ అని విడదీసుకోవాలి. ఆ పనే పార్సింగ్. ఒక్క ఆర్డర్‌కే ఇది చాలాసార్లు జరుగుతుంది. అందుకే దాని వేగం మీద అంత చర్చ.

ఆరు నిమిషాల లోడింగ్

జీటీఏ ఆన్‌లైన్ ఆడినవాళ్లకి ఈ కథ నచ్చుతుంది. 2013లో వచ్చిన ఆ గేమ్ కంప్యూటర్లో లోడ్ కావడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. 2021లో ఒక ప్రోగ్రామర్, సోర్స్ కోడ్ చేతిలో లేకుండానే, ప్రొఫైలర్ పెట్టి చూశారు. ఆ కంప్యూటర్లో లోడింగ్‌కి పడుతున్న టైమ్ ఆరు నిమిషాలు. అందులో ఎక్కువ భాగం తినేస్తున్నది దాదాపు 10 ఎంబీల ఒక జేసన్ ఫైల్. గేమ్‌లో కొనుక్కునే వస్తువుల జాబితా అది. మొత్తం 63,000 వస్తువులు.

అందులో ఒక్కో విలువ చదివిన ప్రతిసారీ ప్రోగ్రామ్ మిగతా ఫైల్ పొడవు మొత్తం మళ్లీ లెక్కపెడుతోంది. చదివిన వస్తువు ఇంతకుముందే ఉందా అని పాతవాటన్నిటితో పోల్చుతోంది. 63,000 వస్తువులకి ఆ పోలికలు సుమారు 198 కోట్లు! ఈ రెండూ సరిచేస్తే ఆరు నిమిషాల లోడింగ్ 1 నిమిషం 50 సెకన్లకి దిగింది. రాక్‌స్టార్ కంపెనీ కూడా ఒప్పుకుని, గేమ్‌ని సరిచేసి, ఆ ప్రోగ్రామర్‌కి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

రెండో తప్పు చూడండి, అది అసలు పార్సింగే కాదు. లోకంలోకెల్లా ఫాస్ట్ పార్సర్ తెచ్చిపెట్టినా ఆ 198 కోట్ల పోలికలు అలాగే ఉండేవి. కొలిచారు కాబట్టే దొరికింది.

వేగం ఎక్కణ్నుంచి వస్తుంది?

అలాగని ఫాస్ట్ లైబ్రరీలు ఉత్త ప్రచారం అనుకోకండి. వాటి వెనక నిజమైన తెలివి ఉంది. మామూలు పార్సర్ ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ‘ఇది కామానా, కోట్ గుర్తా’ అని చూసుకుంటూ పోతుంది. సిమ్డ్‌జేసన్ అలా కాదు. ప్రాసెసర్‌లో ఒకే ఆజ్ఞతో చాలా బైట్ల మీద పనిచేసే సదుపాయం ఉంటుంది. దాన్ని వాడుకుని 64 బైట్ల ముక్క తీసుకుంటుంది, బ్రాకెట్లు, కామాలు, కోట్ గుర్తులు ఎక్కడున్నాయో ఒక్క ఊపులో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతే విలువల జోలికి వెళ్తుంది. జెఫ్ లాంగ్‌డేల్, డేనియల్ లెమైర్ 2019లో దీనిపై పేపర్ రాశారు. ఒక్క కోర్ మీదే సెకనుకి గిగాబైట్ల జేసన్ చదవొచ్చని చూపించారు. ఇవాళ నోడ్ జేఎస్, క్లిక్‌హౌస్ లాంటివి దీన్ని వాడుతున్నాయి.

పైథాన్‌కి ఓఆర్‌జేసన్ ఉంది. రస్ట్‌లో రాశారు, మామూలు జేసన్ కంటే బాగా ఫాస్ట్. జావాలో స్ప్రింగ్ బూట్‌తో జాక్సన్ దానంతటదే వస్తుంది. జాక్సన్ వాడేవాళ్లకి ఒక చిట్కా: ఆబ్జెక్ట్ మ్యాపర్‌ని ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తగా సృష్టించకండి, ఒకసారి చేసి మళ్లీ మళ్లీ వాడండి. చాలాచోట్ల లైబ్రరీ మార్చడం కంటే ఇదే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. మీ సర్వీస్ జవాబివ్వడానికి 100 మిల్లీసెకన్లు పడుతోంది. అందులో పార్సింగ్ 5, మిగతా 95 డేటాబేస్‌వి, నెట్‌వర్క్‌వి. ఐదు రెట్లు ఫాస్ట్ పార్సర్ పెట్టారు. 5 కాస్తా 1 అయింది. మొత్తం 96. యూజర్‌కి తేడా తెలుస్తుందా? దూరపు కొండలు నునుపు అన్నట్టు, బెంచ్‌మార్క్ చార్టులన్నీ బాగానే ఉంటాయి. కానీ అది వాళ్ల డేటా, వాళ్ల మెషిన్.

జేసన్‌నే వదిలేస్తే?

గూగుల్ 2008లో ఓపెన్ సోర్స్ చేసిన ప్రోటోబఫ్ దారి వేరు. ఫీల్డ్ పేర్లు పంపకుండా నంబర్లు పంపుతుంది. ‘ఎ’ అనే ఫీల్డ్‌లో 150 పంపాలంటే జేసన్‌కి 9 బైట్లు కావాలి, ప్రోటోబఫ్‌కి 3 చాలు. జీఆర్‌పీసీ వాడే సర్వీసులు సాధారణంగా దీంతోనే మాట్లాడుకుంటాయి. బదులుగా మీరు వదులుకునేవీ ఉన్నాయి. కబురుని కంటితో చదవలేరు. రెండు వైపులా ఒకే స్కీమా ఉండాలి. తీసేసిన ఫీల్డ్ నంబర్‌ని ఇంకోదానికి ఇచ్చారా, పాత సర్వీస్ కొత్త డేటాని తప్పుగా చదివేస్తుంది, అదీ ఎర్రర్ చూపించకుండా.

లింక్డ్‌ఇన్ తన సర్వీసులకి జేసన్ బదులు ప్రోటోబఫ్ తెచ్చి, 2023లో ఫలితాలు చెప్పింది. పెద్ద కబుర్ల విషయంలో, అన్నిటికంటే నెమ్మదైన ఆ ఒక్క శాతం రిక్వెస్టుల ఆలస్యం 60 శాతం దాకా తగ్గింది. కానీ రెస్పాన్సుల్లో ఒక్కో సర్వర్ చేయగలిగే పని సగటున పెరిగింది 6.25 శాతమే. ఒకే మార్పు, రెండు అంకెలు. మీ కబుర్లు చిన్నవా, పెద్దవా అన్నదాన్ని బట్టి మీకు ఏ అంకె వర్తిస్తుందో తేలుతుంది.

తెలుగుకి రెట్టింపు బరువు

మన భాషలో యాప్ చేసేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. ‘తెలుగు’ అనే మాటలో యూనికోడ్ గుర్తులు ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. పైథాన్‌తో వచ్చే జేసన్ మాత్రం, మీరేం చెప్పకపోతే, ఒక్కో గుర్తునీ ఆరక్షరాల కోడ్‌గా మార్చి రాస్తుంది. అప్పుడు 36 బైట్లు, సరిగ్గా రెట్టింపు! ఓఆర్‌జేసన్ నేరుగా యూటీఎఫ్-8 రాస్తుంది. పాత లైబ్రరీలోనే ఎన్‌ష్యూర్ ఆస్కీ ఆప్షన్‌ని ఫాల్స్ చేసినా సరిపోతుంది, లైబ్రరీ మార్చక్కర్లేదు. కంప్రెస్ చేసి పంపితే ఈ తేడా కొంత తగ్గుతుంది. కానీ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో, రోజువారీ డేటా ప్యాక్ మీద మీ యాప్ తెరిచేవాళ్లకి ప్రతి బైటూ లెక్కే.

వేగం కంటే ముందు చూడాల్సినవి

మొదటిది, సరిగ్గా చదువుతుందా? జావాస్క్రిప్ట్‌కి 9007199254740993 అనే నంబర్ ఇస్తే చివరి 3ని 2 చేసేస్తుంది. ట్వీట్ల ఐడీలు అంత పెద్దవి కాబోతున్నాయనే ట్విట్టర్ వాటిని అక్షరాల రూపంలో కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఐడీ స్థానంలో ఒక పేమెంట్ నంబర్ ఉంటే? డబ్బు వేగంగా తప్పు ఖాతాలోకి వెళ్తుంది, అంతే.

రెండోది, ఆ లైబ్రరీని ఎవరు చూసుకుంటున్నారు? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. దాన్ని దాదాపు ఒంటరిగా చూసుకుంటున్న మనిషి దగ్గర నమ్మకం సంపాదించి మరీ ఎవరో పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్. ఎలాగంటారా? సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటా అని ఆరా తీశాడు. కొలిచే అలవాటు స్పీడ్‌నే కాదు, లోకంలో ఎన్నో సర్వర్లనీ కాపాడింది.

కాబట్టి మీ ప్రాజెక్ట్‌కి పని ఇదీ: ముందు ప్రొఫైలర్ పెట్టండి. పార్సింగ్ వాటా ఎంతో ఒక అంకె రాసుకోండి. అది పెద్దదైతే మీ సొంత డేటాతో, తెలుగు మాటలూ పెద్ద నంబర్లూ కలిపి, రెండు లైబ్రరీలు పోల్చండి. చిన్నదైతే లైబ్రరీ జోలికి పోకుండా డేటాబేస్ వైపు చూడండి. రేపు ఇంటర్వ్యూలో “ఈ లైబ్రరీనే ఎందుకు వాడావు?” అని అడిగితే, “ఫాస్ట్ అని విన్నాను” అనేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు అంకె చెప్పండి.