బీట వారిన పిల్లనగ్రోవి కొనవచ్చా?

పోయిన నెల సంతలో నేను ఒక పాత పిల్లనగ్రోవి కొన్నాను. ఎనభై రూపాయలు. కింది చివర రెండంగుళాల బీట ఉంది. అది చూసి మన గదిలో అందరూ నవ్వారు. "పగిలిన వెదురు పొయ్యిలోకే రా" అన్నాడొకడు. "సంక్రాంతి సెలవుల్లో కాఫీ పళ్ళు ఏరిన కూలి డబ్బులు ఇలా తగలేశావా?" అన్నాడు ఇంకొకడు. వార్డెన్ సారు కూడా "చూసి కొనాలి కదరా" అన్నారు. నేను చూసే కొన్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సంతలో కొత్తవి రెండు వందలు. రంగు దారాలు చుట్టి మెరుస్తున్నాయి. నాలుగు ఊది చూస్తే రెండింటికి శ్రుతి సరిగ్గా లేదు. పక్కనే ఒక తాత తన పిల్లనగ్రోవి అమ్ముతున్నాడు. ఊపిరి చాలడం లేదు, ఇక ఊదలేను అన్నాడు. ఆరు బెజ్జాలూ మూసి ఊదాను. అన్నిటికన్నా కింది స్వరం బొంగురుగా వచ్చింది. ఒక్కో బెజ్జం తెరుస్తూ పోతే మిగతావన్నీ శుభ్రంగా పలికాయి. ఎందుకంటే బీట చివరి బెజ్జానికి కింద ఉంది. అదే ఊదే బెజ్జం దగ్గర బీట ఉంటే పది రూపాయలకిచ్చినా తీసుకోవద్దు. వేళ్ళ బెజ్జాల మధ్యగా పోయే బీట కూడా మంచిది కాదు, గాలి అక్కడే పోతుంది.

వెదురు బాగా ఎండితే నిలువునా చీలుతుంది. బుట్టలల్లే ఇళ్ళ పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు. బీటలో తేనె మైనం కరిగించి పోసి, పైన నూలు దారం బిగించి చుట్టాను. పుల్లకి గుడ్డ కట్టి లోపల కొబ్బరి నూనె రాశాను. మైనం మా నాన్న వచ్చినప్పుడు తెచ్చాడు. ఇప్పుడు కింది స్వరం కూడా పలుకుతోంది. ఎండలో మాత్రం పెట్టను.

"ఎవరో ఊదింది, ఎంగిలి కాదా?" అన్నారు కొందరు. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాను. మనం తినే కంచాల్లో మనకన్నా ముందు ఎంతమంది అన్నలు తినలేదు?

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ డబ్బులతో చెప్పులు కొనుక్కోమంది అమ్మ. నేను పాతవే కుట్టించుకుని వేసుకుంటున్నాను. కుట్టించిన చెప్పుల్ని చూసి మనలో ఎవరూ నవ్వరు. మరి దారం చుట్టిన పిల్లనగ్రోవిని చూసి ఎందుకు నవ్వాలి? పాతది కొనడం నామోషీ కాదు. ఊది చూడకుండా కొనడమే తప్పు, అది కొత్తదైనా సరే.

వార్డెన్ సార్, ఒక మనవి. మన స్టోరు గదిలో రెండు పిల్లనగ్రోవులు, ఒక డప్పు పనికిరాని సామాను కింద పడి ఉన్నాయి. పోయిన ఏడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మనం థింసా ఆడింది సౌండు బాక్సు పాటకి. ఊళ్ళో మన పెద్దవాళ్ళు డప్పు, తుడుము, మోరి వాయిస్తుంటే ఆడతారు. చూడ్డానికి వచ్చిన మా తాత "వాయించేవాళ్ళు ఏరిరా?" అని అడిగాడు. నేనేం చెప్పను?

ఆ సామాను మాకు ఇప్పించండి. ఆదివారం మధ్యాహ్నాలు బాగుచేస్తాం. బాగుపడకపోతే మళ్ళీ స్టోరులోనే పెట్టేస్తాం. స్టడీ అవరులో మాత్రం ఊదం, ఇది మా మాట.

నవ్విన మిత్రులారా, దారం చుట్టడానికి రెండు చేతులు చాలవు. మీరూ రండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి