నకలనిన అంత చులకనయేల?

పురావస్తువుల వేలములలోను, ఐరోపా ప్రదర్శనశాలల అద్దపు బీరువాలలోను అప్పుడప్పుడు కానవచ్చు నగలపెట్టెలు ఒక జాతివి కలవు. మూరెడు పొడవైనను లేని కంచుపెట్టె. దానిపై బంగారు మొలాము. మూతమీదను, నాలుగు ప్రక్కలను చిత్తరువులని భ్రమింపజేయు చిన్న ఫలకములు. మూతపై నొక పాత్ర అంచున వ్రాలిన పావురములు, ప్రక్కలపై రోములోని కొలోసియము, సెయింట్ పీటర్స్ ప్రాంగణము, టివోలీ కొండమీద శిథిలమైన గుండ్రని గుడి, ఇవి తరచుగా కనబడు విషయములు. అవి కుంచెతో వ్రాసినవి కావనియు, వేలకొలది గాజుతునకలను ప్రక్కప్రక్కన నిలిపి కూర్చినవనియు కన్ను దగ్గరకు చేర్చినగాని తెలియదు. చదరపు అంగుళమునకు వెయ్యికి పైబడి తునకలుండుట ఈ విద్యలో అరుదు కాదు. ఇంతటి పనితనమును చూచియు, పెద్దరికము వహించిన విమర్శకులు పలువురు పెదవి విరిచి, యాత్రికులు కొన్న జ్ఞాపికలనియు, పాత చిత్రములకు నకళ్లనియు ఒక్కమాటతో త్రోసిపుచ్చుదురు. ఆ తీర్పు అన్యాయమని నా మనవి.

ఈ విద్యకు పుట్టినిల్లు దేవాలయము. సెయింట్ పీటర్స్ మహాలయమున బలిపీఠములపైని తైలవర్ణచిత్రములు చెమ్మకు చెడిపోవుచుండగా, ఆలయాధికారులు వానిని తొలగించి, వానికి సరియైన ప్రతులను గాజుతునకలతో కూర్పించి నిలుపసాగిరి; ఆ పనికై 1727లో వాటికన్‌లో ఒక స్థిరమైన శిల్పశాల ఏర్పడినది. తైలవర్ణములలోని మెత్తని ఛాయాభేదములు తళతళలాడు గాజునకు పట్టుబడవు గనుక, అలెస్సియో మాత్తియోలి యను నతడు మెరుపు తగ్గించిన గాజును లెక్కకు మిక్కిలియగు రంగులలో సిద్ధపరచెను. రఫాయేలు వ్రాసిన 'రూపాంతరము' నేడు ఆ ఆలయమున భక్తులకు దర్శనమిచ్చుట గాజురూపముననే. మూలచిత్రము వాటికన్ చిత్రశాలలో భద్రముగా నున్నది. నకలు మూలమునకు చేసిన ద్రోహమేమియు లేదు. మూలము పడవలసిన చెమ్మను తాను పడినది, అంతే.

దేవాలయపు పని తరిగినకొలది ఆ పనివారు వేరు బ్రతుకుతెరువు వెదకుకొనవలసివచ్చెను. ఐరోపాలోని కలవారి బిడ్డలు విద్యాంతమున ఇటలీ యాత్రకు వచ్చుట పరిపాటియైన ఆ కాలమున, జాకొమో రఫాయెల్లి మొదలగువారు ఆ విద్యను అరచేతి ప్రమాణమునకు కుదించిరి. గాజును దీపజ్వాలపై మరల కరగించి, పట్టుకారుతో లాగి సేమ్యా పోగువలె సాగదీసి, ఆకురాయితో గాటుపెట్టి తునకలుగా విరిచెదరు. రాగిపళ్లెమున అవిసెనూనె కలిపిన లప్పమును పరచి, ఒక్కొక్క తునకను అందులో నిలువుగా గ్రుచ్చెదరు. నూనెలప్పము మెల్లగా ఆరును గనుక, తప్పు కూర్చిన తునకను పెరికి మరియొకటి నిలుపుటకు వ్యవధి యుండును; అంతయు గట్టిపడిన పిమ్మట సందులలో రంగుమైనము నించి, పైతలమును అరగదీసి మెరుగుపెట్టెదరు. ఆంటోనియో అగ్వాత్తి మరియొక అడుగు ముందుకు వేసి, ఒకే తీగలో పలు ఛాయలు కలిసియుండునట్లు గాజును లాగుట నేర్చెను. దానితో పక్షి ఈకకును, ఆకుల గుబురునకును సహజత్వము వచ్చినది. ఇందు పనివాని అహంకారమునకు చోటు స్వల్పము. అతని ప్రతిభయంతయు ఏ తునక ప్రక్కన ఏ తునక నిలువవలెనను నిర్ణయముననే యున్నది. అది చిన్న ప్రతిభ కాదు.

మూతమీది పావురముల సంగతి వినదగినది. పెర్గమము నగరమున సోసస్ అను శిల్పి కూర్చిన పావురముల చిత్రమును ప్రాచీన రోమను రచయిత ప్లినీ తన గ్రంథమున మెచ్చుకొనెను. నీరు త్రాగుచున్న పావురపు తలనీడ నీటిని నల్లబరచుచున్నదట. ఆ సోసస్ చేతిపని మనకు దక్కలేదు. హేడ్రియన్ చక్రవర్తి టివోలీలో కట్టించుకొన్న విహారభవనమున 1737లో బయల్పడి, నేడు రోములోని కాపిటోలీన్ మ్యూజియములో నున్న ఫలకము దానికి ప్రతియని పలువురు పండితుల అభిప్రాయము. రఫాయెల్లి తరమువారు ఆ ప్రతికి ప్రతులు చేసిరి. అవి పెట్టెల మూతలకును, నశ్యపు డబ్బీలకును, స్త్రీల ఆభరణములకును ఎక్కినవి. ప్రతులు చేయువారు లేనిచో సోసస్ పావురములు ప్లినీ వాక్యములలో తప్ప మరెక్కడను వ్రాలియుండవు. ఇంతియే కాదు. నెపోలియన్ కాలమున అదే రఫాయెల్లి మిలాను నగరమున లియొనార్డో 'కడరా భోజనము'ను గాజుతునకలతో మూలమంత విశాలముగా కూర్చెను. అతడు మాదిరిగా పెట్టుకొన్నది గోడమీది మూలమును కాదు, జ్యుసెప్పె బోస్సి వ్రాసిన వర్ణప్రతిని. మూలము అప్పటికే పెచ్చులూడి రూపు చెడియుండెను. ఆ మహాఫలకము నేడు వియన్నాలోని మినోరైట్ చర్చి గోడపై నున్నది.

ఇట్టి ఉదాహరణము మన దేశముననే కలదు. మొదటి సాలార్ జంగు 1876లో రోమున కొని తెచ్చిన, బెంజోనీ చెక్కిన 'ముసుగులోని రెబెక్కా'ను చూచుటకు హైదరాబాదు మ్యూజియమున జనులు నేటికిని గుమిగూడుదురు. ఆ శిల్పి ఒకే రూపమును పలుమారులు చెక్కించెననియు, వానిలో కొన్ని అమెరికా ప్రదర్శనశాలలలో నున్నవనియు తెలిసినంతమాత్రమున ఆ పాలరాతి ముసుగు పలుచదనము తగ్గునా? యాత్రలో కొన్న వస్తువు గనుక రెబెక్కా హీనమనిన వారిని నేనెరుగను. పెట్టెమీది పావురములకు వేరొక ధర్మశాస్త్రమెందుకో తెలియదు.

అయితే ఈ పెట్టెలో నేను నిస్సంకోచముగా మెచ్చుకొనలేని భాగమొకటి కలదు. అది అందరును మొట్టమొదట మెచ్చుకొను మొలాము. రోమునుండి ఫలకములను తెచ్చుకొని, పారిసు మొదలగు నగరములలో కంచుపనివారిచేత పెట్టెకు పొదిగించుట ఆనాటి వాడుక. ఆ పనివారు బంగారమును పాదరసమున కరగించి, ముద్దచేసి కంచుపై పూసి, బొగ్గుల నిప్పుపై కాచెడివారు. పాదరసము ఆవిరియై పోవును, బంగారము నిలుచును. పోయిన ఆవిరి ముందుగా పోవుట పనివాని ఊపిరిలోనికి. చేతులు వణకి, పండ్లు ఊడి, నడివయసు దాటకుండనే రాలిపోయిన వారెందరో. పారిసులో పేరుపొందిన కంచుపనుల వర్తకుడు రావ్రియో, తన వృత్తి ఎవరి ఆయువుతో నడచినదో ఎరిగినవాడు గనుక, 1814లో మరణించునాటికి 3,000 ఫ్రాంకులు బహుమానముగా వ్రాసియుంచెను, ఆ విషధూమమునుండి పనివారిని కాపాడు ఉపాయము కనుగొన్నవానికి. 1818లో దార్సే యను రసాయనశాస్త్రజ్ఞుడు పొగను పైకి లాగివేయు కొలిమిని కల్పించి దానిని గెలుచుకొనెను. 1840లో ఇంగ్లండుకు చెందిన ఎల్కింగ్టన్‌లు విద్యుత్తుతో మొలాము వేయు పద్ధతికి హక్కుపత్రము పొందిన తరువాతగాని ఈ వృత్తి పాదరసమును వదలనారంభింపలేదు. విమర్శకులకు పెట్టెపై నిజముగా కోపమున్నచో, ఆ కోపమునకు తగిన చోటు ఇది, పావురములు కావు.

నకలు చేయుటవలననే ఈ విద్య క్షీణించినదను వాదము కూడ నిలువదు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రైళ్లు యాత్రికులను మందలుగా దింపసాగినవి, చౌకబేరము పెరిగినది. తునకలు లావైనవి, సందులలోని లప్పము పైకి కనబడసాగెను, పావురపు మెడకు పలు ఛాయలు వాడినచోట ఒకటి రెండింటితో సరిపెట్టిరి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునకు చేరిన ఆర్థర్ గిల్బర్టు సేకరణలోని మేలి ఫలకముల ప్రక్కన అట్టి చౌకపని నొకదానిని నిలిపి చూచినచో, రెండింటను మాదిరి అదే, పాత్ర అదే, పావురముల భంగిమలు అవియే. నకలు రెండుచోట్లను సమానము గనుక చెరుపునకు కారణము అది కాజాలదు; కొనువాని తొందరయు, అమ్మువాని తొందరయు కారణము. వాటికన్ శిల్పశాల నేటికిని పనిచేయుచున్నది. పాత చిత్రములకు ప్రతులను కూర్చుచున్నది, అడిగినవారికి అమ్ముచున్నది.